పడుగుకు రెండు మార్కులు

1970 నవంబరు 8, తాండూరు

ఈ నోటుబుక్కు తెలుగులోనే రాయాలని నిర్ణయించుకున్నాను. నా రాత తెలుగు బాగుపడాలన్నది ఒక కారణం. మొన్న స్టాఫు రూములో లెక్కల లెక్చరర్ మత్తయ్య నేను రాసిన నోటీసు చదివి, "కరీముద్దీన్ సాబ్, మీ తెలుగు ఉత్త కాళ్ళతోటి రాళ్ళ మీద నడిచినట్టున్నది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చే దారిలో ఈ నోటుబుక్కు కొన్నాను. రెండో కారణం మా ఆవిడ షాహజాది. ఆమెకు తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవటం రాదు. ఏం రాసుకున్నా భయం లేదు.

నవాబుపేటలో పుట్టినవాణ్ణి. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. బీఎస్సీ మొత్తం ఉర్దూలోనే చదివాను. ఇప్పుడు నలభై రెండో ఏట జంతుశాస్త్రం తెలుగులో చెప్పమన్నారు. పుస్తకం వస్తోంది, వస్తోంది అంటున్నారు. పోయినేడు ఉద్యమం పేరున కాలేజీ నెలల కొద్దీ మూతబడింది. ఈ ఏడు తెరిచి ఉంది గాని పుస్తకం రాలేదు. నా రెండో సంవత్సరం క్లాసులో పద్నాలుగు మంది పిల్లలు, పద్నాలుగు ఖాళీ నోటుబుక్కులు. నేనేం చెబితే అదే వాళ్ళకు పుస్తకం.

నవంబరు 15

పిండం పాఠం మొదటి మాటలోనే ఆగిపోయింది. ఇంగ్లీషు పుస్తకంలో ప్రిమోర్డియం అని ఉంది. పిండంలో ఒక అవయవం ఇంకా పుట్టలేదు, కానీ అది పుట్టబోయే చోటు ఏర్పడింది, ఆ తొలి గుర్తుకు ఆ పేరు. దీన్ని తెలుగులో ఏమనాలి? ఉర్దూలో మా ప్రొఫెసరు అరబ్బీ నుంచి తెచ్చిన ఒక పెద్ద మాట చెప్పేవారు. మూడేళ్ళు దాన్ని బట్టీపట్టి పరీక్షల్లో రాసి పాసయ్యాను. దాని అర్థం ఏమిటని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీశాను. ఆ మాట లాటిన్. మొదటి సగానికి 'మొట్టమొదటి' అని అర్థం. రెండో సగానికి 'మొదలుపెట్టడం'. దాని కింద చిన్న అక్షరాల్లో, ఈ రెండో మాటకు పాత అర్థం మగ్గానికి పడుగు సాచటం, అంటే నేతకు ముందు నిలువు దారాలు పరచటం అని ఉంది. రెండుసార్లు చదివాను. రెండు వేల ఏళ్ళ కింద ఎవరో ఒక నేతగాడు అన్న మాట, ఎట్లా ఎట్లా తిరిగి కోడిగుడ్డులోకి వచ్చి కూర్చుంది.

నవంబరు 22

ఆదివారం. ఒక గొంగడి నేయించుకుందామని యాలాల్ పోయాను. నా క్లాసులో హన్మమ్మ అని ఒక పిల్ల ఉంది, గొర్రెలవాళ్ళ పిల్ల. పద్నాలుగు మందిలో ఆడపిల్లలు ఇద్దరే. ఆమె తండ్రి బిచ్చయ్య మంద మీద ఉన్నాడు. నాయనమ్మ బీరమ్మ వాకిట్లో రెండు గుంజలు పాతి, వాటి మధ్య నల్ల ఉన్ని దారం సాచుకుంటూ అటూ ఇటూ నడుస్తోంది. ముసలి కాళ్ళు, అయినా తిరుగుతూనే ఉంది.

"ఏం జేస్తున్నవ్ అవ్వా?" అన్నాను.

"కండ్లు లేవా సారూ, గొంగడి జేస్తున్న."

"గొంగడి ఏదీ? ఉత్త దారాలే కదా ఉన్నయి."

"గొంగడి ఇంక యాడిది? గిది పడుగు. గొంగడి లేదు గానీ, గొంగడికి ఎంత పొడువు, ఎంత ఎడల్పు, తెల్లచార యాడొస్తది, అన్నీ గిప్పుడే తేలిపాయె. ఇగ ఎనుకకు పోరాదు. గిప్పుడు తక్కువ బెడితె ఎన్కసిరి ఎంత నేసినా తక్కువనే."

నేను అక్కడే బండ మీద కూలబడ్డాను. నిఘంటువు చెప్పనిది కూడా ఈ ముసలామె చెప్పింది. అవయవం లేదు గాని అవయవం ఎంత, ఎక్కడ అన్నది తేలిపోయింది. పిండశాస్త్రం అంతా ఇదే కదా. హన్మమ్మ మేకపాల చాయ్ తెచ్చి ఇచ్చి, సారుకు ఏమైందోనని చూస్తోంది. "ఈ పడుగుతోనే నా గొంగడి నెయ్యుండ్రి" అని చెప్పి వచ్చాను.

నవంబరు 26

ఇవాళ్టిలాంటి క్లాసు నా ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో చెప్పలేదు. హన్మమ్మ నాలుగు గుడ్లు తెచ్చింది. వాళ్ళ పొదిగే కోడి కింద మూడు రోజులు ఉన్న గుడ్లు, బొగ్గుతో గీత పెట్టి మరీ లెక్క ఉంచింది. పెంకు ఒలిచి గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో పెట్టాం. ఎర్రటి చుక్క ఒకటి కొట్టుకుంటోంది. పిల్లలు ఊపిరి బిగపట్టి చూశారు. పక్కన రెండు చిన్న ఉబ్బులు, ఆవగింజంత.

"ఇవి ఏమిటి?" అన్నాను.

హన్మమ్మ భూతద్దం వదలకుండానే, "రెక్కలకు పడుగు సార్" అంది.

బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: పడుగు. పిల్లలంతా రాసుకున్నారు.

నవంబరు 27

షాహజాదికి గుడ్ల సంగతి తెలిసింది. "క్యా జీ, పొదిగే గుడ్లను గూడ వదలరా మీరు" అని పొద్దంతా మాట్లాడలేదు.

1971 జనవరి 10

బిచ్చయ్య గొంగడి తెచ్చి ఇచ్చాడు. మంచి నలుపు, అంచున తెల్లచార. మడత విప్పితే చింతగింజల గంజి వాసన. మేకు లాంటి మనిషి, నిలబడి మాట్లాడటమే గాని కూర్చోడు.

"సారూ, మా హన్మమ్మ పాసయితదా?"

"మందతో తిరిగి చాలా క్లాసులు పోగొట్టుకుంది. కష్టపడితే అయితది" అన్నాను.

"పాసయితే పశువుల డాక్టరు సదువుకు పంపుత. పోయినేడు వానలల్ల మూతిపుండ్లొచ్చి డెబ్బై గొర్లు పాయె. సూది ఏసెటోడు లేడు. మా కులపోళ్ళు ఆడివిల్లకు గంత సదువెందుకని నవ్వుతున్నరు. తప్పిందనుకో, ఇగ నాకు మాట లేదు. మంద ఎంబడి తోలుకపోత. ఒక్కపారే సారూ, రెండోపారి నాతోని గాదు."

తాండూరు నల్లరేగడి. వాన పడితే గొర్రెల గిట్టలు నాని పుళ్ళు పడతాయి. అందుకని తొలకరికే మందలు కన్నడం వైపు మెరక నేలలకు పోతాయి, చలికాలానికి గాని తిరిగి రావు. అంటే జూన్ దాకా ఆ పిల్లకు గడువు.

ఫిబ్రవరి 19

పుస్తకం వచ్చింది! పరీక్షలకు ఏడు వారాలుందనగా. మన మాటకు అందులో 'ఆద్యాంకురం' అని ఉంది. బాగానే ఉంది, గంభీరంగా ఉంది. మా ప్రొఫెసరు చెప్పిన అరబ్బీ మాట గుర్తొచ్చింది.

పదమూడు మంది పుస్తకం తెరిచి పాత మాట కొట్టేసి కొత్త మాట రాసుకున్నారు. క్లాసు అయ్యాక హన్మమ్మ తలుపు దగ్గర ఆగింది.

"సార్, పరీక్షల ఏది రాయాలె?"

నాకు కొంచెం పౌరుషం వచ్చింది. మూడు నెలలు నేను చెప్పిన మాట ఒక్క పూటలో చెత్తబుట్ట పాలయిందే అని. "అర్థం తెలిస్తే చాలు. పడుగు అని రాసినా మార్కులు పడతాయి. నేను చెబుతున్నా కదా" అన్నాను.

"మంచిది సార్" అని పోయింది.

ఏప్రిల్ 27, వికారాబాద్

పేపర్లు దిద్దే క్యాంపు. పొద్దున రైలుకు వచ్చి సాయంత్రం రైలుకు పోవడం. హైస్కూలు హాల్లో పిల్లలు కూర్చునే బెంచీల మీద మోకాళ్ళు మడుచుకుని కూర్చున్నాం. ఎక్కడెక్కడి లెక్చరర్లో. రోజుకు నలభై పేపర్లు. వాటి మీద పేర్లు ఉండవు, కోడ్ నంబర్లు మాత్రమే. సొంత కాలేజీ పేపర్లు ఎవరికీ రాకుండా చూశామన్నారు. మా పైన చీఫ్ ఎగ్జామినర్ గారు పెద్ద పండితుడు, కొత్త పుస్తకం రాసిన వాళ్ళలో ఒకరట. నన్ను చూసి, "మీరు ఉర్దూ మీడియం వారా? తెలుగు పరిభాష ఇబ్బందిగా లేదూ?" అన్నారు. లేదండీ అన్నాను.

ఏప్రిల్ 29

ఎండ. కాళ్ళు తిమ్మిర్లు. ముప్పై ఎనిమిది దిద్దాను.

ఒక పేపరులో పది మార్కుల ప్రశ్న, ఆద్యాంకురం గురించి. జవాబులో పడుగు అని ఉంది. పుస్తకంలో లేని పదం. రెండు మార్కులు వేశాను. నిబంధన నిబంధనే. పరీక్ష అన్నాక అందరికీ ఒకటే కొలత ఉండాలి. మన వాళ్ళకు ఒక కొలత, పరాయి వాళ్ళకు ఒక కొలత ఉంటే అది అన్యాయం.

ఏప్రిల్ 30

తక్కిన జవాబులు అంతంత మాత్రమే. అదొక్కటే నిండుగా రాసింది. అయినా మిగతావాటిలో గట్టెక్కే ఉంటుంది.

ఎవరో అనుకుంటున్నాను. కోడ్ నంబరు తప్ప నాకేం తెలుసు.

మే 2

ఆదివారం. సెలవు. ఏమీ రాయటానికి లేదు.

జూన్ 13, తాండూరు

ఫలితాలు వచ్చాయి. పద్నాలుగు మందిలో పదకొండు మంది పాస్. హన్మమ్మ తప్పింది. అన్నింటిలో నెగ్గి ఒక్క జంతుశాస్త్రంలో తప్పింది.

జూన్ 16

బిచ్చయ్య మార్కుల కాగితం పట్టుకొని కాలేజీకి వచ్చాడు. వెనక హన్మమ్మ. ఆమె నా మొహం చూడలేదు.

"గిది మీ సబ్జెక్టే గద సారూ. ముప్పై ఒకటంట. ముప్పై అయిదు గావాలెనట. ఏడ తప్పిందో జర జూడుండ్రి."

"ఎక్కడని చెప్పగలను? పేపరు మన దగ్గర ఉండదు కదా" అన్నాను. ఇది అబద్ధం కాదు. పేపరు నా దగ్గర లేదు.

"నేను మంచిగనే రాసిన అనుకున్న సార్" అంది హన్మమ్మ. "పడుగు ప్రశ్న వచ్చింది. మా అవ్వ చెప్పినట్టే మొత్తం రాసిన. గది గూడ తప్పేనేమో."

అప్పుడు నేను చెప్పాల్సింది. గది నిండా మనుషులు. మత్తయ్య వింటున్నాడు. "అక్టోబరులో మళ్ళీ పరీక్ష ఉంటది. ఈ ఒక్కటే రాస్తే చాలు" అన్నాను.

"అక్టోబరుకు మేము బీదరు అవుతల ఉంటం" అన్నాడు బిచ్చయ్య. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తలపాగాలో దోపుకున్నాడు.

ముప్పై ఒకటికి ఆరు కలిపితే ముప్పై ఏడు.

జూన్ 17

ఏప్రిల్ 29న రాసింది మళ్ళీ చదివాను. అది సగమే. నేనొక్కణ్ణే ఉన్నప్పుడు జరిగినట్టు రాశాను. చీఫ్ గారు నా వెనక నిలబడి ఉన్నారు. భుజం మీదుగా ఆ జవాబు చూసి, "పడుగా? ఇదేమిటండీ, జంతుశాస్త్రమా, నేత పరీక్షా?" అని హాలంతా వినేట్టు చదివారు. అంతా గొల్లుమన్నారు. అట్లాంటప్పుడు నేను ఎక్కువ మార్కులు ఎట్లా వేస్తాను? చీఫ్ మాట దాటడానికి లేదు. ఎవరున్నా అంతే చేస్తారు.

సొంత కాలేజీ పేపర్లు రావన్నారు గాని, కట్టలు ఎక్కడ కలిసిపోయాయో, అది హన్మమ్మ పేపరని మొదటి వాక్యంలోనే తెలిసింది. ఆమె రాసింది నాకు కంఠతా వచ్చు. "పడుగు చేసిన దినమున గొంగడి లేదు. కాని గొంగడి ఎంతయో తేలిపోవును. అట్లే మూడవ దినమున కోడిపిల్లకు రెక్క లేదు. కాని రెక్క చోటు తేలిపోయి ఉండును."

జూన్ 21

పొద్దున రైల్వే గేటు దగ్గర బిచ్చయ్య మంద దాటింది. బస్సులు, ఎడ్లబండ్లు, షాబాదు బండల లారీలు అన్నీ ఆగిపోయాయి. చివర్లో హన్మమ్మ. భుజాన గొంగడి, చేతిలో కర్ర, చంకలో ఆ తెల్లవారుజామునే పుట్టిన గొర్రెపిల్ల. నేను రిక్షాలో ఉన్నాను. ఆమె చూడలేదు. చూసిందేమో, నాకు తెలియదు. నేను పేపరు చదువుతున్నట్టు అడ్డం పెట్టుకున్నాను.

ఆగస్టు 30

అక్టోబరు పరీక్ష తేదీలు వచ్చాయి. యాలాల్‌కు కార్డు రాశాను, దరఖాస్తు గడువు, తేదీ అన్నీ వివరంగా. నా బాధ్యత తీరింది.

అక్టోబరు 11

జంతుశాస్త్రం పరీక్ష. జాబితాలో ఆమె పేరు లేదు.

అక్టోబరు 24

యాలాల్ పోయాను. బీరమ్మ ఒక్కతే ఉంది. ఉన్ని ఏకుల బుట్టలో నుంచి నా కార్డు తీసి ఇచ్చింది. "గిదేదో వచ్చింది సారూ. సదివెటోళ్ళు లేరని దాసిన. మావోళ్ళొచ్చినంక సూపిద్దామని."

ఆమెకు చదువు రాదని నాకు తెలుసు. మందంతా బీదరు అవతల ఉంటుందనీ తెలుసు. తెలిసి కార్డు రాశాను. యాలాల్ ఎంత దూరం? బస్సుకు అరగంట. వచ్చి నోటితో చెబితే, బీదరు వైపు పోయే మనిషి చేత కబురు పంపేది. కానీ వస్తే ఆ పిల్ల ఉంటుందేమోనని భయం. అందుకని కార్డు. తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్ళూ నోరు మూసుకుని తిరిగాను, అదీ బాధ్యత తీరిందని రాసుకుంటూ.

బీరమ్మ చాయ్ ఇచ్చింది. తాగాను.

ఇంకొకటి కూడా రాయాలి. హాల్లో అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోలేదు. "ఏ పల్లెటూరి మాస్టారో చెప్పి ఉంటాడు లెండి" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే నేనే అన్నాను. ఇది రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

డిసెంబరు 12

చలి. షాహజాది గొంగడి తీసి మంచం మీద వేసింది. బరువుగా ఉందని చెప్పి రజాయి కప్పుకున్నాను. గొంగడి ట్రంకు పెట్టెలోకి పోయింది.

1972 మే 7

హన్మమ్మకు జహీరాబాదు వైపు సంబంధం చేశారట. మంద వాళ్ళే. బజారులో చెప్పారు.

1972 సెప్టెంబరు 3

వానలు లేవు. బిచ్చయ్య మందలో వంద గొర్రెలు పోయాయట, గాలికుంటు, తర్వాత మేత లేక. సూది వేసేవాళ్ళు లేరు.

ఈ బుక్కు ఇక చాలు. రాస్తే తెలుగు బాగుపడింది. ఇంకేమీ బాగుపడలేదు.

1983 జూన్ 20

పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ ఈ బుక్కు. ట్రంకు పెట్టెలో గొంగడి కింద దొరికింది. గొంగడిని పురుగు అక్కడక్కడ కొట్టింది.

ఇవాళ అడ్మిషన్లు. స్టాఫు రూము తలుపు దగ్గర ఒకామె నిలబడింది, పక్కన పదిహేడేళ్ళ పిల్ల. ముప్పైకి అటూ ఇటూ ఉన్న మనిషి, చేతుల మీద ఉన్ని దారం కోసిన గీతలు. నమస్తే సార్ అనే దాకా గుర్తుపట్టలేదు.

"నేను హన్మమ్మను సార్. గిది మా చెల్లె. నాయిన పోయినంక మా అమ్మను, దీన్ని సూసుకోవాలెనని నేనే యాలాల్ వచ్చిన. ఇంట్లాయనను గూడ తోలుకొచ్చిన. గొర్లు ఓ ఇరవై ఉన్నయి. గొంగళ్ళు చేస్తున్నం. దీనికి బైపీసీ కావాలెనట. మీ క్లాసుల కూసోపెడ్దామని తెచ్చిన."

బిచ్చయ్య పోయాడని అప్పుడే తెలిసింది. ఏదో అడగబోయాను. ఆమె చెల్లెలి వైపు తిరిగి అంటోంది:

"సారు చెప్పింది బుద్ధిగ ఇను. మస్తు అర్థమైతది. పరీక్షల మాత్రం పుస్తకంల ఉన్నదే రాయి, నా లెక్క చెయ్యకు. నా పేపరు మా సారు దిద్దుంటే నేను పాసయ్యేదాన్ని. ఎవలో తెల్వనోని చేతుల పడ్డది. గంతే గద సార్?"

నేను తల ఊపాను.

జూన్ 21

తల ఊపాను.

జూన్ 24

మూడు రోజులుగా అన్నం సగంలోనే వదిలేసి లేస్తున్నాను. షాహజాది మూడుసార్లు అడిగింది, డాక్టరు దగ్గరికి పోదామంది. ఇవాళ చెప్పాను, అంతా, ఉర్దూలో. ఆమె వింటూ వక్కలు కత్తిరించటం ఆపింది. నేను ముగించాక, "నాకెందుకు చెప్తున్నరు? నాదా పేపరు?" అంది. మళ్ళీ కత్తిరించుకుంది.

జూన్ 26

ఆదివారం. పొద్దున బస్సుకు యాలాల్ పోయాను.

అదే వాకిలి. అవే గుంజలో, వేరేవో. బీరమ్మ పోయి ఎనిమిదేళ్ళయిందట. హన్మమ్మ పడుగు సాచుతూ అటూ ఇటూ నడుస్తోంది, అచ్చం ముసలామె నడకే. నన్ను చూసి, "కూసోండ్రి సార్, చెల్లె పుస్తకాల సంగతా?" అంది. నేను కూర్చోలేదు.

"హన్మమ్మా, నీ పేపరు దిద్దింది నేనే."

ఆమె చేతిలో దారం అట్లాగే ఉంది.

"మీకు తెల్సునా, గది నాదని?"

"తెలుసు."

"ఎన్నేసిండ్రు?"

"మొదట ఎనిమిది వేసిన. తర్వాత కొట్టేసి రెండు వేసిన."

ఈ మాట ఇన్నేళ్ళూ ఈ బుక్కులో కూడా రాయలేదు. మిగతాదీ చెప్పాను. చీఫ్ గారు నవ్వించిన మాట నిజం. కానీ నవ్వి, ఆయనే కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివి, "పదం ఎట్లా ఉన్నా రాసినవాళ్ళకు అర్థం బాగా తెలిసిందండీ. ఆ ఎనిమిది ఉండనివ్వండి" అని ముందుకు పోయారు. ఆయన పోయాక కొట్టేశాను. ఎవరూ చెప్పలేదు. నేనే కొట్టేశాను.

"మరెందుకు సార్?"

"ఆ మాట నాదని వాళ్ళకు తెలుస్తదేమోనని. సిగ్గుపడి. ఉర్దూవాడికి తెలుగేం తెలుసు అంటారని. ఆ ఎనిమిది ఎవరన్నా మళ్ళీ చూస్తే, ఈ మాస్టారు ఎందుకు వేశాడని అడుగుతారేమోనని."

ఆమె దారాన్ని చేతి మీద ఒక చుట్టు చుట్టుకుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. చివరికి అడిగింది:

"అయితే నేను కరెక్టే రాసిన్నా సార్?"

"కరెక్టే రాసినవ్. అంత బాగా నేను కూడా రాయలేను."

"పన్నెండేండ్ల సంది తప్పు రాసిన్ననే అనుకుంటున్న. మా అవ్వ మాటలు పేపర్ల రాస్తె మార్కులెట్ల పడ్తయ్ అని నన్ను నేనే తిట్టుకున్న. మా నాయిన పానం పోయేదాంక గదే అన్నడు, నా బిడ్డకు తెలివి జాలలేదు అని."

ఇంటి వైపు తిరిగి గట్టిగా పిలిచింది. "ఓ చెల్లె! ఇన్నవా? నేను కరెక్టే రాసిన్నంట!"

లోపలి నుంచి ఆ పిల్ల బయటికి వచ్చి మా ఇద్దరినీ చూసింది. హన్మమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో నేను చూడలేదు. తల వంచుకుని ఉన్నాను.

తప్పయింది అన్నాను. ఆ మాట బిచ్చయ్యకు చెప్పాల్సింది, బీరమ్మకు చెప్పాల్సింది, ఇద్దరూ లేరు. పడుగు సగంలో ఆపితే దారం వదులవుతుంది. హన్మమ్మ మళ్ళీ నడక మొదలుపెట్టింది, ఆ గుంజ దాకా, ఈ గుంజ దాకా. నేను ఎంతసేపు నిలబడ్డానో. ఆ ఇంటికి వచ్చిన ప్రతిసారీ మేకపాల చాయ్ ఇచ్చేవారు. ఇవాళ ఎవరూ అడగలేదు.

"బస్సుకు యాళ్ళయితుంది సార్" అంది కొంతసేపటికి.

నేను వాకిలి దాటాక వెనక నుంచి పిలిచింది. చేతులు దారం మీదే ఉన్నాయి.

"చెల్లెను రేపు పంపుత. పడుగు గూడ చెప్పుండ్రి దానికి. పేపరు మాత్రం మీ చేతికి రాకుండ సూసుకోండ్రి."

సరే అన్నాను. బస్సు అరగంట ఆలస్యంగా వచ్చింది.